రంగు కాగిన రోజు వదిన తలనొప్పి

మొన్న సుబేదారిలో మా అమ్మాయిని తలనొప్పుల డాక్టరుకు చూపించడానికి పోతే, ఆయన ఓపికగా కాగితం మీద బొమ్మ గీసి, నరాల చివర్లలోంచి సీజీఆర్‌పీ అనే చిన్న ప్రోటీను ముక్క ఊరుతుందనీ, అది రక్తనాళాలను ఉబ్బించి నొప్పి కబురును మెదడుకు చేరవేస్తుందనీ, దాన్ని అడ్డుకునే సూది మందు ఇప్పుడు దొరుకుతుందనీ చెప్పాడు. కొందరికి ఘాటు వాసన తగిలినా చాలు, ఈ నొప్పి లేస్తుందని ఆయన అన్నాక ఇక నాకు ఒక్క ముక్క వినిపిస్తే ఒట్టు. నా మనసు డెబ్బైల చివర్లో మా కొత్తవాడ ఇంటి పెరట్లోకి పోయింది.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. పదిహేను రోజులకోసారి పెద్ద గుండిగ పొయ్యి మీదికెక్కేది. బాపు రంగు కలిపితే అన్న నూలు చిలపలు ముంచేవాడు, వాటిని పిండి దండేనికి ఆరేయడం ఆడవాళ్ల వంతు. ఆ ఘాటు మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటే గానీ, ములుగు దగ్గరి పల్లె నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన మా వదినకు మాత్రం సరిగ్గా గుండిగ మసిలే వేళకే తల ఒకవైపు పగిలిపోయేది. మిగతా రోజుల్లో రాట్నం ముందు కూర్చుంటే కండెలు చుట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. అందుకే అందరికీ అనుమానం. మా అమ్మను అవ్వ అనేవాళ్లం, ఆమె మనసులో మాట దాచుకునే మనిషి కాదు. "రంగు దినం వస్తేనే దీనికి తలకాయ నొస్తది" అని వాడకట్టు ఆడవాళ్లందరికీ వినబడేటట్టు అనేది.

వదిన నిజంగా నొప్పితో పడుకుందో నటిస్తోందో చూసి రమ్మని అవ్వ నన్ను పంపేది. పదిహేనేళ్ల దాన్ని, పెద్ద ఉద్యోగం దొరికినంత సంబరం నాకు. తలుపు సందులోంచి చూసి, నుదుటికి శొంటి పట్టు వేసుకుని, తలకు కొంగు బిగించి కట్టుకుని గోడవైపు తిరిగి ఉందని వచ్చి చెప్పేదాన్ని. ఆమె వాంతి చేసుకోవడం రెండుసార్లు చూశాను. అది మాత్రం చెప్పలేదు, చెబితే చిలపలు పిండే పనంతా నా నెత్తిన పడుతుందని. ఊరికే గోడవైపు తిరిగి పడుకుందన్న నా మాట పట్టుకునే ఒకనాడు అవ్వ ఆమెను లేపి గుండిగ దగ్గర నిలబెట్టింది. వదిన చిలపలన్నీ పిండి, ఆరేసి, గోడ పట్టుకుని కూలబడింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆమె తల నొస్తుందని ఎవరితోనూ అనలేదు.

అమ్మాయిని ఇంటికి పంపేసి, డాక్టరు దగ్గరి నుంచి నేరుగా వదిన ఇంటికే పోయాను. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, ఇప్పుడు ఆ నొప్పి లేదు. డాక్టరు చెప్పింది నాకు వచ్చినట్టు చెప్పి, ఆనాడు నేను దాచిన సంగతీ చెప్పేశాను. సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాను.

"నువ్వు సూసినవని నాకెరుకే పిల్లా," అంది వదిన. "ఇయ్యాల చెప్తవో, రేపు చెప్తవో అని కొన్ని దినాలు జూసిన."

ఇప్పుడు నూలు రంగు వేసిందే వస్తోంది, పెరట్లో పొయ్యి లేదు. మా అమ్మాయికి తల నొస్తే టీవీ ఆపేసి, పోపు కూడా వేయకుండా ఇంట్లో అందరం మెల్లగా నడుస్తాం. ఆనాడు ఆ సూది మందు లేదు, నిజమే. చూసింది చూసినట్టు నేను చెప్పి ఉంటే, వదినను ఆ గదిలో కాసేపు పడుకోనిచ్చేవాళ్లు.