ప్చ్ అనకూడని ఉద్యోగం

సుభద్రకి జాలి ఎక్కువ. ఇదేదో మెచ్చుకోలు మాట అనుకునేరు, కాదు. ఆమె కొంప ముంచింది ఆ జాలే.

చాట్రాయిలో అన్న యలమంద ఇంటి వసారాలో ఒక మడత మంచం, దాని కింద ఒక రేకు పెట్టె. ముప్పై నాలుగేళ్ళు వచ్చేసరికి నాది అని చెప్పుకోవడానికి సుభద్రకి మిగిలింది అదే. అన్నతోబాటు మామిడితోటల్లో కూలికెళ్ళి, ఈడొచ్చాక పెళ్ళి చేసుకుని ఏదో ఒక గూట్లో పడాల్సిన మనిషి. తల్లి మంచాన పడింది. లేపడం, తుడవడం, అన్నం కలిపి పెట్టడం, అన్నీ ఈమె నెత్తిన పడ్డాయి. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ముసలమ్మని ఎవరు చూస్తారు? ఆ ముసలమ్మ కాస్తా పోయాక, వదిన గోవిందమ్మ "ఇంకెన్నాళ్ళమ్మా మా మీద" అని నోటితో అనలేదు గానీ, అన్నం పళ్ళెం ఠంగుమనేలా కింద పెట్టడం మొదలుపెట్టింది. ఆ మాత్రం అర్థం చేసుకోలేనంత చిన్నపిల్ల కాదు సుభద్ర.

నూజివీడు నుంచి విస్సన్నపేట పోయే దారిలో, తోటల మధ్య, ముసలివాళ్ళ కోసమని ఒక నర్సింగ్ హోం కట్టారు. అందులో ఆయాగా చేరింది. చేసేది తల్లికి చేసిన చాకిరే. కాకపోతే ఇక్కడ డాక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరూ "ఏయ్ ఆయా" అనే పిలుస్తారు. సుభద్ర అనే పేరొకటి ఉందని హాజరు వేసేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుకు రాదు.

అక్కడే నర్సులు అనుకుంటుంటే వింది. జపాన్‌లో ముసలివాళ్ళు ఎక్కువ, చూసుకునేవాళ్ళు తక్కువ. భాష నేర్చుకుని పరీక్ష పాసై, ఇంటర్వ్యూలో నెగ్గితే తీసుకెళ్తారట. నూజివీడు బస్టాండుకి దగ్గర్లో, మామిడికాయలకి అట్టపెట్టెలమ్మే కొట్టు మేడ మీద డేవిడ్ రాజు అనే ఆయన ఆ భాష చెబుతాడు. అక్కడి వృద్ధాశ్రమంలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చినవాడు. సుభద్ర డ్యూటీ దిగి, ఆటో ఎక్కి, వెళ్ళి వెనక వరసలో కూర్చుంది.

"గదిలోకి వెళ్ళేముందు 'షిత్సురే ఇతాషిమాస్' అనాలి. మర్యాద తప్పి లోపలికొస్తున్నాను, మన్నించండి అని దానర్థం" అన్నాడు డేవిడ్ రాజు.

"ఎవర్ని మన్నించమనాలండీ? డాక్టరు గార్నా?"

"కాదమ్మా. మంచం మీదున్న పేషెంటుని."

క్లాసంతా గొల్లుమంది. సుభద్ర నవ్వలేదు. దుప్పటి తీసేముందు చెప్పాలట. పక్కకి తిప్పేముందు చెప్పాలట. చెప్పకుండా ఒంటి మీద చెయ్యేస్తే తప్పట. కన్నతల్లికి ఏళ్ళ తరబడి చేసింది కదా, "లెగు", "ఎత్తు", "తిరుగు, నా ప్రాణం తీయకు" అనడం తప్ప ఒక్కసారైనా అడిగి తాకిందా? తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చింది. ఏడ్చాక ఒక ఆశ పుట్టింది. మంచాన పడ్డవాళ్ళకే అంత మర్యాద ఇచ్చే చోట, చాకిరీ చేసే మనిషిని "ఏయ్" అంటారా? అనరు. పోతే అక్కడికే పోవాలి. ఇక చూడండి, పట్టిన పట్టు విడవలేదు.

నేర్చుకున్న మాటలన్నీ తెచ్చి చిన్నరాయప్ప మీద ప్రయోగించేది. ఆయన వయసంతా తోట కాపలాలో గడిపినవాడు. కాళ్ళు చచ్చుబడితే తోట ఆసామి తెచ్చి ఈ నర్సింగ్ హోంలో చేర్పించాడు. నా అన్నవాళ్ళెవరూ లేరు. వీపు మీద పడక పుండ్లు.

"ఒకరదా ఒ ఒకోషిమాస్ నె" అంటూ సుభద్ర ఆయన భుజాల కింద చేతులు పెట్టింది.

"ఏంటమ్మాయ్, తిడతన్నావా?"

"తిట్టు కాదు తాతా. మిమ్మల్ని లేపుతున్నానండీ అని."

"నన్నా? అండీయా?" చిన్నరాయప్ప నవ్వాడు, నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమయింది. "కాయలు దొంగతనానికొచ్చినోళ్ళు కూడా నన్ను ఒరేయ్ అనేవోళ్ళు కదే!"

నవ్వాడే గానీ మర్నాటి నుంచి ఆ మాట అనందే లేవనని మొండికేశాడు. "నొప్పేమైనా ఉందాండీ" అని ఆ భాషలో అడిగి, మళ్ళీ తెలుగులో చెప్పేది సుభద్ర. "లేకేం, చచ్చిపోతన్నా" అనేవాడు. అప్పుడు మాత్రం ఆమెకి జపానూ గుర్తుండేది కాదు, గిపానూ గుర్తుండేది కాదు. "ప్చ్" అనేది. ఆ వెంటనే ముసలాయన మొహం కాస్త తేటపడేది.

పరీక్ష పాసయింది. తమ్ముళ్ళ ఈడువాళ్ళు తప్పినచోట ఈమె పాసైతే డేవిడ్ రాజు ఆనందం పట్టలేక క్లాసంతటికీ టీ తెప్పించాడు. ఇక మిగిలింది ఇంటర్వ్యూ. జపాన్‌లో ఒక ఆశ్రమం నడిపే పెద్దావిడ కంప్యూటర్ తెర మీద కనిపించింది. నెరిసిన జుట్టు, సన్నటి గొంతు. తానే పేషెంటునని నటిస్తానంది, నువ్వు చూసుకో అంది.

సుభద్ర వంగి నమస్కరించింది. అనుమతి అడిగి లోపలికొచ్చినట్టు, చెప్పి దుప్పటి సర్దినట్టు, అన్నీ పొల్లు పోకుండా చేసింది. పక్కన కూర్చున్న డేవిడ్ రాజు లోలోపల మురిసిపోతున్నాడు. అంతలో ఆ పెద్దావిడ గొంతు వణికించి, "నాకు ఇంటికి పోవాలనుంది. కానీ ఇంట్లో ఎవరూ లేరు" అంది.

నటనే. నటన అని తెలుసు. అయినా ఆ మాట వినగానే సుభద్ర ఆగలేకపోయింది. తల అటూ ఇటూ ఊపుతూ, "ప్చ్... ప్చ్" అంది.

తెర మీద పెద్దావిడ నటన ఆపేసింది. తర్వాత వంగి, ఎంతో మర్యాదగా ధన్యవాదాలు చెప్పి సెలవు తీసుకుంది.

"అయిపోయింది మాస్టారూ! అంత గౌరవంగా వంగిందంటే నేను నెగ్గినట్టే కదండీ?"

డేవిడ్ రాజు తల పట్టుకున్నాడు. "సుభద్రా, నాలుకతో ఆ చప్పుడు చేశావు చూడు. వాళ్ళలో అది జాలి కాదమ్మా. ఛీ, నీ గోల ఒకటి నాకు అని మొహం మీద విసుక్కున్నట్టు. పేషెంటు ముందు అలా అంటే ఉద్యోగమే పోతుంది."

"అయ్యో దేవుడా! నేను జాలిపడ్డానండీ!"

"నాకు తెలుసు. ఆవిడకి తెలీదు."

"మరి ముందే చెప్పకపోయారా?"

"మనం అలా అంటామని నాకే తట్టలేదు. మాటైతే నేర్పేవాణ్ణి. అదొక మాటా?" అని ఆయన నొచ్చుకున్నాడు.

పాపం ఆయన ఊరుకోలేదు, వాళ్ళకి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. మా వైపు అది సానుభూతి అని బతిమాలాడు. చివరికి మామిడి కోతలయ్యాక ఇంకోసారి చూస్తామన్నారు. డేవిడ్ రాజు మనుషుల్ని పంపేది ఆ ఒక్క ఆశ్రమానికే, అందులో ముప్పై అయిదు దాటినవాళ్ళని తీసుకోరు, సుభద్రకి అవి నిండబోతున్నాయి. "ఇదే ఆఖరమ్మా, ఇది తప్పితే ఇక లేదు" అన్నాడు.

అప్పటినుంచి సుభద్ర తన నాలుక మీద తానే కాపలా పెట్టుకుంది. ప్చ్ రాబోతోందనిపిస్తే నాలుకని పళ్ళ మధ్య బిగించేది. దాని బదులు 'ఒత్సురాయ్ దెస్ నె' అనాలని డేవిడ్ రాజు నేర్పాడు. మీకు ఎంతో కష్టంగా ఉంది కదండీ అని. అదే వల్లించుకుంది. బస్సులో ఎవరో తమ కష్టం చెప్పుకుంటుంటే పళ్ళు బిగించింది. ఊళ్ళో కాయలు కోస్తూ కొమ్మ విరిగిపడి ఒక కుర్రాడు చనిపోతే, ఆడవాళ్ళంతా గుండెలు బాదుకుంటున్నచోట కూడా పళ్ళు బిగించే నిలబడింది. "జపాన్ ఇంకా పోకముందే మనిషి రాయైపోయింది" అని గోవిందమ్మ నలుగురిలో అనేసింది. సుభద్ర వినీ విననట్టు ఊరుకుంది. ఏం చెబుతుంది? నోరు తెరిస్తే నాలుక కదులుతుంది.

చిన్నరాయప్ప పుండ్లు ముదిరాయి. కట్టు మార్చేటప్పుడు పిల్లాడిలా ఏడ్చేవాడు.

"అమ్మో, నా వల్ల కాదే తల్లీ!"

"ఒత్సురాయ్ దెస్ నె."

"ఏంటది?"

"మీకు ఎంతో కష్టంగా ఉంది కదండీ అని."

"నాకు తెలిసిందే నాకు చెప్తావేంటే!" అని కసిరాడు. కసిరి, ఆమె మొహంలోకి చూస్తూ కాసేపు ఉన్నాడు, ఇంకేదో వస్తుందన్నట్టు. రాలేదు. "పోన్లే, కట్టు కట్టు" అని అటు తిరిగాడు.

రెండో ఇంటర్వ్యూ జరిగింది. ఈసారి పెద్దావిడ నిజంగానే కన్నీళ్ళు పెట్టుకుని నటించింది. సుభద్ర కదల్లేదు, బెదరలేదు. ప్రతి మాటా మర్యాదగా, ప్రతి నమస్కారమూ సరిగ్గా. నాలుక పళ్ళ మధ్యే ఉంది. మెట్లు దిగుతుంటే కాళ్ళు గాల్లో తేలాయి. దారిలో ఆఖరి కోత బంగినపల్లి పండొకటి కొనుక్కుని, రోడ్డు పక్కనే నిలబడి తినేసింది. అంత ధీమా.

వారం తిరక్కుండా కబురొచ్చింది. డేవిడ్ రాజు ఫోన్లో చెప్పలేక నర్సింగ్ హోం దాకా వచ్చాడు.

"భాషకి వంక పెట్టలేదమ్మా. మర్యాదకి అసలే పెట్టలేదు."

"మరి?"

"పేషెంటు ఏడుస్తుంటే నీ మొహం బిగుసుకుపోయి ఉందట. మాటలు బాగున్నాయి గానీ, మనసు పెట్టి వినే మనిషిలా లేదన్నారు."

సుభద్ర నవ్వింది. "సరేలెండి మాస్టారూ, ఎండ ముదరకముందే బయల్దేరండి" అని ఆయన్ని పంపించేసింది. లోపల్నుంచి ఎవరో "ఏయ్ ఆయా" అని కేకేశారు. చిన్నరాయప్ప పక్క తడిసిందట.

వెళ్ళింది. అలవాటు కొద్దీ గుమ్మంలో మన్నించమని అడిగింది. అలవాటు కొద్దీ చెప్పి దుప్పటి తీసింది.

"ఏంటమ్మాయ్, మొహం అలా ఉంది? నీ జపాన్ ఏమైంది?"

"పోయింది తాతా. నన్ను వద్దన్నారు."

"మళ్ళా రమ్మనరా?"

"రమ్మనరు. ఇక ఎప్పటికీ రమ్మనరు."

చిన్నరాయప్ప చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ప్చ్... ప్చ్..." అన్నాడు, తల అటూ ఇటూ ఊపుతూ.

"ఆ చప్పుడు చేయకండి!" అంది సుభద్ర. అరిచినంత పని చేసింది. "ఎన్నిసార్లు చెప్పాలి? మనిషి ముందు అలా అనకూడదు, తప్పు!"

ఎన్నిసార్లో కాదు, ఆయనకి ఒక్కసారీ చెప్పలేదు. చెప్పుకున్నదంతా తనకు తానే. నోరు జారాక గానీ ఆ సంగతి తట్టలేదు. అప్పటికే ముసలాయన చెయ్యి తీసేసుకున్నాడు.

"తప్పయిపోయిందండీ" అన్నాడు చిన్నరాయప్ప. "పెద్దగా తెలిసినోణ్ణి కాదు. ఇంకెప్పుడూ చేయన్లెండి."

"అయ్యో, అది కాదు తాతా" అని సుభద్ర మంచం పక్కన కూలబడింది. ఎంత చెప్పినా ఆయనకి ఎక్కలేదు. ఆ పూట నుంచి సుభద్ర గదిలో ఉన్నంతసేపూ చిన్నరాయప్ప మూలగడం కూడా మానేశాడు. పుండు మీది గుడ్డ ఊడబెరుకుతుంటే రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, చప్పుడు రాకుండా పడుకునేవాడు.