మాస్టారి కుడి భుజం

కటింగు షాపు మాస్టారికి కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవక నాలుగు నెలలైంది. సొంత తల దువ్వుకోలేకపోతేనే మనిషికి చిరాకు పుడుతుంది. ముప్ఫై ఏళ్లుగా పరాయి తలలు దువ్వి బతుకుతున్నవాడి సంగతి వేరే చెప్పాలా! కుర్చీ పూర్తిగా దించేసి, మునివేళ్ల మీద లేచి, పళ్లబిగువున కత్తెర ఆడించేవాడు. ఒకరోజు చెయ్యి వణికి ఒకాయన చెవి తెగింది. పాపం ఆయన ఏమీ అనలేదు. తర్వాత ఎదురు షాపులో కనిపించాడు, అంతే.

"కీళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. భుజంలోకి ఇంజెక్షన్ ఇస్తారట" అంది భార్య. "పదేళ్లుగా షుగరుందని మాత్రం ముందే చెప్పండి."

చెప్పేవాడే. కానీ మాస్టారి చదువంతా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు చెప్పిన చదువే. మెడకి గుడ్డ కట్టించుకుని అద్దంలో చూస్తూ ఎవరేం చెప్పినా ఆయనకి వేదం. ఆ వారమే ఒక పెద్దమనిషి గడ్డం గీయించుకుంటూ, "షుగరుందని నోరు జారావో, అయిపోయావంతే! సూది వెయ్యరు గాక వెయ్యరు. మా బావమరిదిని వెనక్కి పంపేశారు" అన్నాడు. ఆ బావమరిది ఎవరో, ఆయన్ని ఎందుకు పంపారో ఆ దేవుడికే తెలియాలి.

"షుగరు, బీపీ ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు డాక్టరు.

"అబ్బే, అలాంటివేం లేవండీ."

సూది వేయించుకున్న మూడో రోజుకి చెయ్యి లేచింది. "ఒసే, ఇటు చూడవే!" అని మాస్టారు గుమ్మం పై చట్రాన్ని తాకి చూపించాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఆ వారమంతా ఆయనకి ఒకటే దాహం. మాటిమాటికీ ఒంటేలుకి వెళ్లొస్తుంటే, "ఒక్కసారి షుగరు చూపించుకోరాదూ" అందావిడ. "పని పెరిగింది, దాహమెయ్యదా ఏంటి?" అని కసిరాడు. రెండు నెలలకి నొప్పి మళ్లీ మొదలైంది. పాత డాక్టరు ఇంత తొందరగా మళ్లీ వెయ్యడేమోనని ఇంకో డాక్టరు దగ్గరికి పోయి, అదే అబద్ధం చెప్పి, ఇంకో సూది వేయించుకున్నాడు.

కత్తిరించిన వెంట్రుక ముక్కలు కాలి వేళ్ల సందుల్లో ముల్లులా దిగడం ఆ పనివాళ్లకి మామూలే. బ్లేడు మొనతో తీసిపారేసి మళ్లీ నిలబడతారు. మాస్టారూ అదే చేశాడు. షుగరుతో ఎప్పుడో మొద్దుబారిన పాదం కదా, బ్లేడు ఎంత లోతుకి దిగిందో తెలియలేదు. కొన్నాళ్లకి షాపులో ఏదో వాసన మొదలైంది. తడి తువ్వాళ్లదనుకుని అన్నీ ఉతికి ఆరేశాడు. నాలుగు రోజులకి చలిజ్వరంతో కుర్చీ పక్కనే కూలబడ్డాడు.

పెద్దాసుపత్రిలో షుగరు ఐదువందలు దాటిందన్నారు. కాలి పుండు ఎముకదాకా పోయిందన్నారు. ఎడమకాలు మోకాలి కింది నుంచి తీసేశారు. రోజంతా నిలబడి చేసే పని ఆయనది.

మొదటి సూది వేసిన డాక్టరు ఆ ఆసుపత్రికీ వస్తుంటాడు. మంచం పక్కన ఆగి, మాస్టారిని గుర్తుపట్టి, కాగితాలు తిరగేశాడు.

"షుగరుందని ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెప్తే సూది వెయ్యరన్నారండీ."

"ఎవరన్నారు? చాలామందికి వేస్తూనే ఉంటాం. ఆ మందుకి కొన్నాళ్లు షుగరు పెరుగుతుంది కాబట్టి, ముందు షుగరెంతుందో చూసి వేసేవాణ్ణి. ఆ తర్వాత కొన్నాళ్లు రోజూ పరీక్ష చేసుకో, పెరిగితే వచ్చి కనబడు, మాత్రలు మారుద్దాం అనేవాణ్ణి. అంతే కదా!"

"అంతేనాండీ?" అన్నాడు మాస్టారు.

డాక్టరు వెళ్లిపోయాడు. భార్య మాస్టారి వైపే చూస్తూ నిలబడింది. ఆవిడ అలా చూస్తుంటే ఓర్చుకోలేక మాస్టారు కుడి చెయ్యెత్తి కళ్లకి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యి ఏ నొప్పీ లేకుండా లేచింది.