పొర తీసిన చేయి

సార్ పోయారని తెలిసినప్పుడు నేనొక అఫిడవిట్ టైపు చేస్తున్నాను. పోయిన గురువారం, పొద్దున పదకొండు దాటింది. మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పూలు తప్ప ఇంకేమీ రావు. అందులో ఆ రోజు ఒకే వరుస వచ్చింది: "మన టైప్ సార్ పొద్దున పోయిన్రు." ఎదురుగా కూర్చున్న వకీలు గుమస్తా నా మొహం చూసి "ఏమైందమ్మా?" అన్నాడు. ఏం లేదని చెప్పి పేజీ పూర్తి చేసి ఇచ్చాను. పది నిమిషాలకు అతను వెనక్కి వచ్చాడు, ఒకే వాక్యం రెండుసార్లు కొట్టానట. సార్ ఉంటే ఆ తప్పు పక్క గదిలోంచే వినేవారు.

పొద్దున చాయ్ తాగి, పేపరు విప్పి, అలాగే కుర్చీలో ఒరిగిపోయారట. దవాఖాన లేదు, సూదులు లేవు, ఎవరితోనూ చేయించుకోలేదు. ఏడుపు ఆగడం లేదు కానీ, ఆ మాట విన్నాక గుండె మీద బరువు కొంచెం దిగింది. మంచంలో పడి నలుగురి చేత మోయించుకోవడమంటే ఆయనకు చచ్చేంత భయం. దేవుడు ఆ ఒక్క మాట విన్నాడు.

ఆయన ఎవరో చెప్పాలి కదా. ఆబిడ్స్‌లో ఒక సందు చివర, బట్టల దుకాణం మీది అంతస్తులో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మెట్లు ఎంత ఇరుకంటే ఎదురుగా మనిషి వస్తే ఒకరు వెనక్కి దిగాల్సిందే. నాంపల్లి కోర్టుల చుట్టూ ఇవాళ టైపు పని చేసుకుని బతుకుతున్న నాలాంటివాళ్లు చాలామంది ఆ మెట్లు ఎక్కినవాళ్లే. టైపు మిషన్ల కాలం పోయాక, యాభై దాటిన వయసులో ఆయన కంప్యూటర్ రిపేరు నేర్చుకున్నారు. "మిషన్ మిషనే గదా, లోపట ఏమున్నదో చూస్తే తెలుస్తది" అనేవారు. సగం హాలు రిపేరు బల్లలయ్యాయి, మిగతా సగంలో కీబోర్డు పాఠాలు నడిచాయి.

నేను మొదటిసారి ఆ మెట్లెక్కింది ఇంటర్ పాసయ్యాక. మాది నల్గొండ వైపు పల్లె. నాన్న హమాలీ పని చేస్తూ మమ్మల్ని పట్నం తెచ్చుకున్నాడు. పాసైనందుకు నాకొక చేతి గడియారం కొనిపెట్టాడు. దాని అద్దం మీద ప్లాస్టిక్ పొర అట్లాగే ఉంచి, నెల రోజులుగా తిప్పుకుంటున్నాను. సార్ నా వేళ్లను కీల మీద పెట్టబోయి గడియారం దగ్గర ఆగారు.

"గీ పొర ఏంది బిడ్డా?"

"గీతలు పడకుండా సార్."

"వాడెటందుకు కొన్నవా, దాసెటందుకు కొన్నవా?" అని, గోరుతో ఒక మూల లేపి, సర్రున లాగేశారు. నాకు ఏడుపొచ్చింది. ఎంత కోపమంటే, ఆ రోజు పాఠమంతా కీలను గుద్దుతూ కొట్టాను. ఆయన నవ్వుకుంటూ అటు తిరిగారు.

అది ఆయన జబ్బు. కొత్త వస్తువు మీద పొర కనబడితే ఆయన చేతులు ఊరుకోవు. విద్యార్థుల ఫోన్లు, లెక్కల మిషన్లు, ఎవరి చంకలోనో ఉన్న ఫ్లాస్కు, దేన్నీ వదల్లేదు. తప్పు కొడితే మాత్రం తిట్టేవారు కాదు. తెల్ల పూత పూసి దాచితే తిట్టేవారు. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు ఫెయిలైనవాళ్లను మాత్రమే మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్లి ఐస్‌క్రీమ్ తినిపించేవారు. పాసైన మేము గునిస్తే, "మీకు ఇంట్ల పెడ్తరు. వాళ్లకు ఎవరు పెడ్తరు?" అని కసిరేవారు. లోయర్ టైపు పరీక్షలో ఒకసారి తప్పాను కాబట్టి ఆ ఐస్‌క్రీమ్ రుచి నాకు తెలుసు. సీతాఫలం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మూడేళ్ల కిందటిది. అప్పటికి తొమ్మిదేళ్లుగా ఒక జాబ్ టైపింగ్ సెంటర్లో ఇంకొకరి కుర్చీలో కూర్చుని పనిచేస్తున్నాను. నాంపల్లిలో మా ఇంటి ముందు గది వీధి వైపు తెరుచుకుంటుంది. అది మా బావది, అంటే మా ఆయన వాళ్ల అన్నయ్యది. అందులో సొంతంగా సెంటర్ పెట్టుకుంటానని అడిగాను. బావ మంచివాడే, కానీ మాట గట్టి. "సోమవారం లోపట నీ మిషన్ నడిచి పని మొదలైతే గది నీది. లేకుంటే కొరియర్ ఆఫీసోళ్లు అడుగుతున్నరు, వాళ్లకు మాటిస్త" అన్నాడు.

ఆ మిషన్, అంటే కంప్యూటర్, విడి భాగాలు కొని నేనే కట్టుకోవాలన్నది సార్ పట్టుదల. "దాని మీద బతుకుతున్నవ్, ఒక్కసారన్న దాని కడుపు చూడవా?" అని, అంతకు ముందే రెండు ఆదివారాలు పాత మిషన్లు విప్పించి మళ్లీ కట్టించారు. సామాన్లు కొన్నాను. భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను. బావ గడపలో నిలబడి "ఆడోళ్లు టీవీ రిపేరు మొదలుపెట్టిన్రా ఇగ?" అని వెక్కిరించాడు. మూడు గంటల్లో కట్టేశాను. దీపం వెలిగింది, ఫ్యాన్ తిరిగింది, తెర మీద వెలుగొచ్చింది. అత్తమ్మ పసుపు కుంకుమ పెట్టింది. నేను మా ఇంట్లో రాణిలా తిరిగాను, ఒక పూట.

మరునాడు తెలిసిన గుమస్తా ఒకాయన నలభై పేజీల పిటిషన్ తెచ్చాడు. మొదటి అయిదు నిమిషాలు మిషన్ గుర్రంలా ఉరికింది. తర్వాత మొదలైంది నా ఖర్మ. నేను వాక్యం కొట్టి చేతులు తీసేస్తే, అక్షరాలు ఒక్కొక్కటే తీరిగ్గా వస్తున్నాయి. ఫైలు సేవ్ చేద్దామంటే చక్రం తిరుగుతూనే ఉంది. గుమస్తా కాసేపు చూసి, "అమ్మా, గిది కూడా వాయిదాలు అడుగుతున్నదే" అని కాగితాలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మూడు రోజులు నేను చేయని పని లేదు. ఉన్న ప్రోగ్రాములు తీసేశాను. వైరస్ కోసం వెతికించాను. విండోస్ మొత్తం చెరిపి మళ్లీ ఎక్కించాను. సామాన్లు అమ్మిన దుకాణానికి ఫోన్ చేస్తే సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఉందన్నారు. అత్తమ్మ ఎండు మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది, ఆ ఘాటుకు అందరం దగ్గాం. మిషన్ మాత్రం కదల్లేదు. శనివారం పొద్దున బావ కొరియర్ వాళ్లతో ఫోన్లో "సోమవారం చెప్త" అనడం నా చెవిన పడింది. మళ్లీ ఆ పాత కుర్చీలోకి పోయి కూర్చోవాలేమో అనుకున్నాను.

ఇక లాభం లేదని మిషన్‌ను తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, ఆటో ఎక్కాను. బావ కూడా ఎక్కాడు. నా మిషన్ మీద ప్రేమతో కాదు, నా తప్పని సార్ నోటితో అనిపించడానికి.

సార్ మిషన్‌ను ముట్టుకోనే లేదు. ముందు నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చారు.

"ఎప్పుడు నెమ్మదైతది? సుర్వులనేనా, పని చేసినంకనా?"

"అయిదు నిమిషాలు మంచిగుంటది సార్, తర్వాత..."

"బంద్ చేసి జరసేపు ఆగి పెడితే?"

"మళ్ల అయిదు నిమిషాలు మంచిగనే."

"మరి గిది నువ్వు మూడు రోజుల సంది చూస్తనే ఉన్నవ్ గదా! మిషన్ చెప్పుకుంటనే ఉన్నది బిడ్డా. నువ్వు తొందరల వినలే." బావ వైపు తిరిగి, "కూసోండి సాబ్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నారు.

మిషన్‌ను తన తెరకు తగిలించి నడిపించారు. లోపలి వేడి చూపించే అంకె పెరుగుతూ పోయింది. వంద దగ్గర పడేసరికి మిషన్ కుంటడం మొదలుపెట్టింది. కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి అది నెమ్మదిస్తుందట. అప్పుడు సార్ పక్క రేకు తీసి, ప్రాసెసర్ మీద వేడి లాగడానికి బిగించిన లోహపు దిమ్మెను చేతి వెనుక భాగంతో తాకారు, జ్వరం చూసినట్టు. నా చెయ్యి కూడా పెట్టించారు. చల్లగా ఉంది!

"సూసినవా? లోపట ఉడుకుతున్నది, మీద సల్లగున్నది. నడుమ ఎవడో అడ్డం కూసున్నడు."

నాలుగు స్క్రూలు విప్పి దిమ్మెను లేపారు. నేను వంగి చూశాను. దిమ్మె అడుగున పలుచటి ప్లాస్టిక్ పొర. దాని మీద ఎర్ర అక్షరాలు, తీసేయమని. కట్టేటప్పుడు నేను ఆ పొరను చూశాను. చూసే ఉంచాను. మా ఇంట్లో ఫ్రిజ్ పిడికి పెళ్లినాటి కవరు అట్లాగే ఉంది, రిమోట్‌కు ఉంది, స్కూటర్ సీటుకు ఉంది. కొత్తదాని మీద పొర తీయడమంటే మాకు దాన్ని సగం పాడుచేసినట్టే. పైనేదో దుమ్ము పడకుండా ఉంటుందిలే అనుకుని, ఆ పొరతో సహా బిగించాను. మొదటి రోజు గడియారం మీది పొర లాగేసిన మనిషి దగ్గర చదువుకుని!

బావ మెడ చాచాడు. "ఏమైంది సార్? ఎవరి తప్పు?"

సార్ పొరను ఒలిచి గుప్పిట్లో పెట్టుకున్నారు. "తప్పేం లేదు సాబ్. నడుమ పేస్ట్ సరిగ కూసోలే, కొత్త మిషన్ల అయితనే ఉంటది. మీ మరదలు బాగ కట్టింది, ఒక్క వైరు వంకర లేదు." వేడిని దిమ్మెకు చేర్చే కొత్త పేస్టు బఠాణీ గింజంత పెట్టి, బిగించి, నడిపించారు. వేడి అంకె యాభై దగ్గర ఆగింది. పావుగంట టైపు చేయించారు. నా వేళ్ల కంటే ముందే అక్షరాలు వచ్చినట్టనిపించింది. అమ్మయ్య! కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది, రెంటినీ ఒకేసారి ఎట్లా ఆపుకోవాలో తెలియలేదు. బయలుదేరేటప్పుడు స్క్రూడ్రైవర్ ఇస్తున్నట్టు నా చేయి పట్టుకుని, ఆ పొరను అరచేతిలో పెట్టి వేళ్లు మూసేశారు.

సోమవారం నేను ఒక్కదాన్నే సార్ దగ్గరికి వెళ్లాను. "తప్పు దాచొద్దని మీరే చెప్తరు గదా సార్, మరి?" అన్నాను.

"నీ తప్పు నీకు దాచిన్నా? నీ చేతులనే పెట్టిన. ఊరంతటికి ఎందుకు?" అన్నారు. మళ్లీ తనే, "గాయన నవ్వితే నువ్వు మళ్ల స్క్రూడ్రైవర్ పట్టవు. నేను మొదటిసారి టైపు మిషన్ విప్పి కట్టినప్పుడు మూడు స్ప్రింగులు మిగిలినయ్. మా ఉస్తాద్ అవి తన జేబుల ఏసుకున్నడు. ఇప్పటిదాంక ఎవ్వలికి తెల్వదు, నీకు తప్ప" అన్నారు.

బావ మాట నిలుపుకున్నాడు. అంతే కాదు, స్టీలు పలక మీద నా పేరు చెక్కించుకొచ్చి తలుపు పక్కన తానే మేకులు కొట్టాడు. దాని మీది నీలం పొర మాత్రం తియ్యనివ్వలేదు. "ఉండనీయమ్మా, వానకు ఖరాబైతది." ఒకసారి నాంపల్లి స్టేషన్‌లో ఎవరినో రైలెక్కించి మా సెంటర్‌కు వచ్చిన సార్, ఆ పలక చూసి ఆగారు. చెయ్యి లేచింది. నేను నవ్వు ఆపుకుంటున్నాను. ఎందుకో చెయ్యి దించేసి, "పెట్టినోడే తియ్యాలె" అని లోపలికొచ్చి చాయ్ అడిగారు.

గురువారం సాయంత్రం వాళ్లింటికి నేనూ బావా కలిసే వెళ్లాం. సార్ భార్య మమ్మల్ని చూసి, "నిన్న కూడా ఒక మిషన్ విప్పి బల్ల మీద పెట్టిండు, ఎవరిదో ఏమో" అంది. ఆ మిషన్ నేను కట్టి ఇస్తానన్నాను. స్క్రూడ్రైవర్లున్న రేకు డబ్బా నా చేతికిచ్చింది. వెనకాడకుండా అందుకున్నాను. దానికి కూడా ఆయనకే దండం పెట్టుకోవాలి.

తిరిగొచ్చేటప్పుడు ఇద్దరం ఒకే ఆటో ఎక్కాం. బషీర్‌బాగ్ దాటాక బావ నెమ్మదిగా అన్నాడు:

"గా దినం సార్ గుప్పిట్ల ప్లాస్టిక్ పొర నాకు కనబడ్డది."

"మరి ఎన్నడు అనలేదేంది బావా?"

"అంత పెద్దమనిషి దాచిండు. నేనెట్ల తీస్త?"

ఇల్లు చేరేసరికి వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. నేను గది తాళం తీస్తున్నాను. వెనుక స్టూలు ఈడుస్తున్న చప్పుడైంది. బావ దాని మీదికెక్కి పలక అంచున గోరు పెట్టాడు. మూడేళ్ల ఎండకు ఆ పొర అతుక్కుపోయి, సర్రున రాలేదు, పేలికలు పేలికలుగా ఊడింది. ఆయన చెమటలు కక్కుతూ గీకుతున్నాడు. అత్తమ్మ లోపలి నుంచి "ఏం చేస్తున్నవ్‌రా?" అని అరిచినా ఆపలేదు.

ఇంకా రెండు అక్షరాల మీద నీలం మిగిలే ఉంది. రేపు కొబ్బరి నూనె రాసి తీస్తానన్నాడు. మిగతా నా పేరంతా దీపం వెలుగులో తళతళలాడుతోంది.