కిల్లాలో పడిపోయినవాళ్లు

నేను అడిగినదానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. కాలనీ ఉత్సవ కమిటీ మీటింగులో అడిగితే తర్వాతి విషయానికి వెళ్దామన్నారు. గేటు దగ్గర ఆపి అడిగితే బస్సుకు టైమయిందన్నారు. కార్యదర్శి రిటైరై వెళ్లిపోయాక ఫోన్ చేస్తే ఆయన ఇంట్లో లేరన్నారు, ఆ మాట చెప్పింది ఆయన గొంతే. జ్ఞాపకాలు అచ్చయ్యే చోట ఈ ఫిర్యాదు ఏమిటని చదివేవాళ్లకు అనిపించవచ్చు. అడగాల్సిన చోట్లన్నీ అయిపోయాక నాకు మిగిలింది ఈ కాగితమే.

చంద్రపూర్ పక్కన థర్మల్ కరెంటు తయారయ్యే చోట, ఉద్యోగుల కాలనీలో మా క్వార్టర్ ఉండేది. నేను బొగ్గు మోసుకెళ్లే బెల్టుల మీద ఫిట్టర్‌ని. మాది రాజురా వైపు పల్లె. తాతల కాలం నుంచి అక్కడే తెలుగు మాట్లాడుకుంటూ పత్తి, జొన్న పండించుకునేవాళ్లం. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. తమ్ముడు ఫౌజులో సిపాయి.

మా వైపు దీపావళికి ఇంటి ముందు మట్టితో కిల్లా, అంటే చిన్న బొమ్మ కోట, కడతారు. రాళ్లు, ఇటుక ముక్కలు కుప్ప పోసి, తడి గోనెపట్టా కప్పి, మట్టి మెత్తి, పైన ఆవాలు చల్లితే పండగ నాటికి పచ్చగా మొలుస్తాయి. గోల్ బజార్‌లో కుమ్మరులు అమ్మే మట్టి సిపాయిల్ని బురుజుల మీద నిలబెడతారు. పల్లెలో అది పిల్లల ఆట. కాలనీలో మాత్రం పోటీ పెట్టేవారు, పెద్దవాళ్లే కట్టేవారు. కమిటీ ఇంటింటికీ వచ్చి చూసి బహుమతులు ఇచ్చేది.

ఆ కమిటీకి కార్యదర్శి మా వెనక లైనులో ఉండే ఇంజనీరు. కోస్తా నుంచి వచ్చినాయన, మాట మెత్తన. తెలుగువాళ్ల ఇళ్లలో పూజలకు పంతులు దొరక్కపోతే ఆయనే మంత్రాలు చదివేవాడు. నేను నోరు విప్పినప్పుడల్లా నవ్వుతూ "మీది తెలుగేనంటారా?" అనేవాడు. మొదటిసారి ఎక్కడ అన్నాడో కూడా గుర్తుంది. సొసైటీ దుకాణం మెట్ల మీద, కిరోసిన్ లైనులో, నా భార్య పక్కనే ఉండగా.

నాకు బొమ్మ సిపాయిలంటే పిచ్చి. మట్టివాళ్లే కాదు, బయటి దేశాల ప్లాస్టిక్ సిపాయిలు అప్పుడప్పుడే మా బజారులోకి దిగుతుంటే వాళ్లనీ కొనేవాణ్ని. ఏ పాకెట్ విప్పినా ఒకడు గురి పెట్టి ఉంటాడు, ఒకడు బాంబు విసురుతుంటాడు, ఒకడు రేడియోలో మాట్లాడుతుంటాడు. అందులో వింత ఏమీ నాకు కనిపించలేదు. కనిపించింది తమ్ముడికి. సెలవు మీద వచ్చినవాడు, నేను దీపావళి కోసం కిల్లా కడుతుంటే పక్కన కూర్చుని చాలాసేపు చూశాడు.

"అన్నా, గీళ్లందరు నిలబడే ఉన్నరేంది? ఇంత లడాయిల ఒక్కడన్న పడలేదా?"

బజారులో పడినవాళ్లు దొరకరని చెప్పాను. అయితే మనమే చేద్దామన్నాడు. మిగిలిన మట్టి పిసికి ముగ్గురిని చేశాడు. నేనూ ఒకణ్ని చేయబోతే చూసి నవ్వాడు. సినిమాలో చచ్చిపోయినట్టు చేతులు బార్లా చాపి పడుకోబెట్టాను మరి. "గట్ల పండుకోరన్నా. ముడుచుకుంటరు. సలి పెట్టినోని లెక్క" అని, మోకాళ్లు కడుపులోకి మడిచి చూపించాడు. ఒకడి కాలికి బూటు లేదు. ఇంకొకడి తల పక్కకు తిరిగి, నోరు కొంచెం తెరిచి ఉంది. వీణ్ని ఎక్కడ చూశావని నేను అడగలేదు. అడగాలంటే భయం వేసింది. కట్టెల పొయ్యిలో కాల్చి, బురుజు కింద వాళ్లను పడుకోబెట్టి, పండగ కాకముందే సెలవు అయిపోయి వాడు వెళ్లిపోయాడు.

కమిటీ వచ్చింది. కార్యదర్శి వంగి చూసి, "ఇది పండగండీ, శవాల కొట్టు కాదు" అన్నాడు. వెనకవాళ్లు నవ్వారు. నేను తీయనన్నాను. ఆయనే జేబురుమాలుతో ఒక్కొక్కరినీ పట్టుకుని తీసి గోడ పక్కన పెట్టి, మీద పేపరు కప్పాడు. నోటీసు బోర్డులో నా కిల్లాను పిల్లల విభాగంలో వేశారు. నాకప్పుడు నలభై దాటాయి.

ఇంత జరిగినా ఆయనతో గొడవ పెట్టుకోలేకపోయాను. కారణం వాళ్లింటి ఫోను. మాకు ఫోను లేదు, మా లైనులో ఎవరికీ లేదు. తమ్ముడి దగ్గరున్న నంబరు ఆయనదే. వాడు చేస్తే ఆ ఇంట్లో మోగాలి, వాళ్లు మనిషిని పంపాలి, మేం పరుగెత్తాలి. అందుకని ఎదురైనప్పుడల్లా నమస్కారం పెట్టేవాణ్ని. పెట్టిన ప్రతి నమస్కారమూ నాకు గుర్తుంది.

తర్వాతి ఎండాకాలం కొండల మీద యుద్ధం మొదలైంది. తమ్ముడి పలటన్ ఆ వైపే ఉందని మాకు తెలుసు. ఫోను రావడం ఆగిపోయింది. ఉత్తరాలు లేవు. టీవీలో సాయంత్రం వార్తలు పెడితే జెండా కప్పిన పెట్టెలు దించుతూ కనిపించేవి. అమ్మ ఆ గదిలోకి వచ్చేది కాదు, గుమ్మం అవతల నిలబడి "ఏ ఊరట?" అని మాత్రం అడిగేది. నేను ఊరి పేరు చెప్పేవాణ్ని. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది.

మా వెనక గోడ, వాళ్ల వెనక గోడ ఎదురెదురు. మధ్యలో సందు. వాళ్ల ఫోను మోగితే మాకు వినిపిస్తుంది. మోగగానే అన్నం కలుపుతున్న చేయి ఆగిపోయేది. మోగడం ఆగాక, మా గేటు చప్పుడు అవుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చునేవాళ్లం. చప్పుడు కాకపోతే ఏడుపు వచ్చేది. చప్పుడైతే ఏం వినాలోనని అంతకంటే భయం. ఒక మధ్యాహ్నం కార్యదర్శి భార్య తడి చేతులతో మా గేటు తీసుకుని లోపలికి వచ్చింది. నేను విషయం అడక్కుండానే చెప్పుల్లో కాళ్లు పెట్టాను. ఆమె కుక్కర్ రబ్బరు అడగడానికి వచ్చింది.

కాలనీలో మాటలు తిరగడం మొదలైంది. ఇంటి ముందు శవాల్ని పెట్టుకున్నాడు, మరి ఊరికే పోతుందా అని. నా ముఖం మీద ఎవరూ అనలేదు. పాలవాడు నా భార్యకు చెప్పాడు. ఆమె వచ్చి, "గవి తీసి పారెయ్యరాదు. నాకు ఇంట్ల పండుకోబుద్ధయితలేదు" అంది. నేను పారెయ్యనన్నాను. తమ్ముడు చేత్తో చేసినవి. వాడి వేలి గీతలు ఆ మట్టి మీద ఉన్నాయి. అప్పటికి మా దగ్గర వాడివని చెప్పుకోవడానికి అవే ఉన్నాయి. రేకు పెట్టెలో గుడ్డ చుట్టి దాచాను.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి పెట్టె మూత తీసి ఉంది. పెరట్లో తులసి కుండీలో ఆ ముగ్గురూ నిలబడి ఉన్నారు. అమ్మ చీపురు పుల్లలు విరిచి, వాళ్ల వీపులకు ఆనించి, దారంతో కట్టి నిలబెట్టింది. నుదుటికి పసుపు పెట్టింది. మోకాళ్లు ముడుచుకునే ఉన్నాయి. తల వాలిపోయే ఉంది. ముడుచుకున్న మనుషుల్ని గుంజలకు కట్టి నిలబెట్టినట్టు ఉన్నారు. బూటు లేని కాలు గాలిలో వేలాడుతోంది. అంతకుముందు నేను వాళ్లను చూసి భయపడలేదు. ఆ రోజు వాళ్ల ముందుకు వెళ్లడం నాకు చేతకాలేదు.

"లేపిన బిడ్డా" అంది అమ్మ. "పడుకొని ఉంటె వాడు గూడ పడుకొనే ఉంటడు."

నేను వాళ్లను తీయలేదు. అలాగే ఉంచాను.

కార్యదర్శి ఇది పెరటి గోడ మీదుగా చూశాడు. నేను డ్యూటీలో ఉండగా వచ్చి, ఇలాంటివి ఇంట్లో ఉంచకూడదని, అలాగని చెత్తలో పారేయకూడదని, నీళ్లలో వదలాలని అమ్మకు చెప్పాడట. వినాయకుడి బొమ్మను వదిలినట్టేనన్నాడట. మట్టి బొమ్మల్ని నీళ్లలో వదలడం మా దగ్గర అలవాటే కనుక అమ్మ నమ్మింది. స్కూటర్ మీద ఎక్కించుకుని ఇరై నది ఒడ్డుకు తీసుకెళ్లాడు. నన్ను అడగలేదు. బెల్టు దగ్గరికి మనిషిని పంపితే నేను వచ్చి ఉండేవాణ్ని. పంపలేదు.

సాయంత్రం అమ్మ నాకు చెప్పింది. ఆయన మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగాడు. అమ్మ ఒడ్డున కొంగు తల మీదికి లాక్కుని కళ్లు మూసుకుని నిలబడింది. బొమ్మలు వదిలే ముందు ఆయన నీళ్లలోంచే, "అమ్మా, మీ చిన్నబ్బాయి పేరు, గోత్రం చెప్పండి" అన్నాడు. అమ్మ చెప్పింది. ఆయన మంత్రంలో ఆ పేరు కలిపి చదివాడు.

"ఏం మంత్రం?" అన్నాను.

"నాకేమెరుక. వాని పేరైతే ఇనొచ్చింది."

క్షేమంగా ఉండాలని గుళ్లో అర్చన చేయించినా పేరు, గోత్రం చెబుతాం. నాన్న పోయినప్పుడు ఇలాగే నది ఒడ్డున దక్షిణం వైపు తిరిగి కూర్చున్నప్పుడు కూడా పేరు, గోత్రం చెప్పాం. చనిపోయిన బొమ్మల్ని చేత్తో పట్టుకుని, నీళ్లలో నిలబడి, ఇంకా ఏ కబురూ రాని మనిషి పేరు చదివితే అది ఏ లెక్కలోకి వస్తుంది? నేను ఈ మాట పైకి అనకముందే అమ్మ నా ముఖం చూసింది. ఆమెకు అప్పుడు అర్థమైంది. "నేనే చెప్పిన్నా?" అంది. ఆ రాత్రి నుంచి అన్నం ముందు కూర్చున్నా ముద్ద దిగేది కాదు. వాడి పేరు పలకడం మానేసింది. పలికితే ఇంకేమవుతుందోనని.

నేను వెంటనే వెనక లైనుకు వెళ్లాను. కార్యదర్శి గుమ్మంలోనే నిలబడి, "మీ మంచికే చేశానండీ" అన్నాడు. ఏం చదివారని అడిగాను. లోపల ఫోను మోగింది. ఆయన తలుపు వేసుకున్నాడు. అది మాకొచ్చిన ఫోను కాదు.

చాలా రోజుల తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. కార్యదర్శి భార్యే పరుగెత్తుకుంటూ వచ్చి పిలిచింది, ఆ మేలు మర్చిపోలేదు. వాడి గొంతు విన్నాక కూడా అమ్మ రిసీవర్ పట్టుకోలేదు. "వాడేనా? మల్ల అడుగు" అంటూ నా భుజం పట్టుకుని నిలబడింది.

దీపావళికి వాడు సెలవు మీద వచ్చాడు. చిక్కిపోయాడు తప్ప దెబ్బలు లేవు. కాలనీలో ఆ ఏడాది కమిటీ వాళ్లే పెద్ద కిల్లా కట్టారు. కొండలు, సొరంగాలు, సీరియల్ బల్బులు, కొన మీద జెండా. ప్లాస్టిక్ సిపాయిలు అంచుల నిండా నిలబడి ఉన్నారు. వాణ్ని పిలిచి శాలువా కప్పారు. వాడు కిల్లా చుట్టూ తిరిగి చూసి, కార్యదర్శిని చాలా మామూలుగా అడిగాడు. "సార్, పడ్డ మావోళ్లు ఏరి?" ఆయన అర్థం కానట్టు చూసి, స్వీటు డబ్బా ముందుకు జరిపాడు. తమ్ముడు శాలువా మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

ఇంట్లో అమ్మ వాడికి నది సంగతి చెప్పింది. నవ్వేస్తాడనుకున్నాను. వాడు నవ్వలేదు. "అయితే ఆ నీళ్లల్ల నేను ఉన్ననా, పోయిన్నా?" అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ సెలవులో వాడు మంచం మీద ముడుచుకుని నిద్రపోతుంటే, ఊపిరి ఆడుతోందా లేదా అని గుమ్మంలో నిలబడి చూసినవాణ్ని నేను.

వాడు ఆ తర్వాత ఎన్ని పోస్టింగులు మారినా, ప్రతిసారీ అమ్మకు అదే భయం. ఇప్పుడు వాడు ఫౌజు నుంచి వచ్చేసి విసాపూర్‌లో ఉంటున్నాడు, పిల్లల తండ్రి. ఐనా అమ్మ పోయినేడు చివరి జబ్బులో కూడా నా చేయి పట్టుకుని, "ఆయన్ని అడిగినవా? నేను వాణ్ని నీళ్లకు ఇచ్చిన్నా?" అంది. అడిగానని చెప్పాను. ఏమన్నాడంది. నేను నీళ్ల గ్లాసు ఆమె నోటికి అందించాను. ఆమె ఆ భయంతోనే పోయింది.

నాకు బహుమతి వద్దు. పిల్లల విభాగంలో వేసినందుకు క్షమాపణ కూడా తర్వాత చూసుకుందాం. కార్యదర్శి గారూ, మీరు ఇది చదువుతారని నాకు తెలుసు, మీ ఇంటికి ఈ పత్రిక వస్తుంది. ఏ మంత్రమో గుర్తులేదంటే ఒప్పుకుంటాను, పెద్దవారయ్యారు. కానీ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి నా తమ్ముడి పేరు చదివినప్పుడు మీరు ఎటు తిరిగి ఉన్నారో మీకు గుర్తుండాలి. ఒడ్డుకు వెళ్లి నేనూ చూశాను, అక్కడ నది వంపు తిరుగుతుంది, దాన్ని బట్టి చెప్పలేకపోయాను. తూర్పుకా, దక్షిణానికా? మా తమ్ముడు ఇంకా బతికే ఉన్నాడు, వాడికి చెప్పాలి. ఒక్క మాట. చెప్పండి.