పాయింట్ల మీద దొరికిన గది

రక్తపరీక్షల ల్యాబులో అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను ‘రెండోసారి’. మిషన్ ఇచ్చిన అంకె ఎంత సవ్యంగా ఉన్నా అదే నమూనా మళ్ళీ పెట్టి చూడనిదే రిపోర్టు బయటికి పంపడు. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివినవాడు, తప్పు అంకె ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో తెలిసినవాడు కాబట్టి పెద్ద డాక్టరుకి అతనంటే గురి. తోటివాళ్ళకి మాత్రం నవ్వులాట. టీ తాగావా అంటే కప్పులోకి తొంగిచూసి గానీ చెప్పడని సీనియర్ టెక్నీషియన్ అక్క ఏడిపించేది.

ఇంట్లో మాత్రం నవ్వు ఆగిపోయి చాన్నాళ్ళయింది.

అతని భార్య ఒక ఫోన్ కంపెనీలో ఫిర్యాదుల విభాగంలో పనిచేసేది. బిల్లు ఎక్కువొచ్చిందని నిప్పులు కక్కుతూ ఫోన్ చేసినవాడు, కాసేపటికి తన ఇంటి సంగతులన్నీ ఆమెకి చెప్పుకుని పెట్టేసేవాడు. అంత మాటకారి, కాన్పయ్యాక ఒక్కో మాటా మానేస్తూ వచ్చింది. బాబుకి ఏడో నెల. వాడికి పాలిస్తుంది, స్నానం చేయిస్తుంది, బట్టలు ఆరేస్తుంది. అన్నీ చేస్తుంది. కానీ నీళ్ళ అడుగున ఉన్న మనిషిని పైనుంచి పిలుస్తున్నట్టు ఉండేది అతనికి. బాబు పడుకున్నా ఆమె పడుకోదు. గోడకి ఆనుకుని కూర్చుంటుంది. చూడ్డానికొచ్చిన చుట్టాలు ఏమ్మా చిక్కిపోయావు, పాలు చాలుతున్నాయా, పిల్లాడెవరి పోలిక అని అడుగుతుంటే తలుపు వంకే చూసేది.

ఒక మధ్యాహ్నం, ఉతికిన లంగోటాలు మడతపెడుతూ, కూరలోకి ఉప్పు ఉందా అని అడిగినంత మామూలుగా అంది: “నేను లేకపోయినా వీడు పెరుగుతాడు కదా.”

అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ ఇది కాన్పు తర్వాత కొందరికి వచ్చే జబ్బేనని, నయమవుతుందని చెప్పి, మందులు రాసిచ్చింది. ఒంటరిగా వదలొద్దంది. వీలైతే వంటా అంట్లూ చుట్టాలూ లేని చోటికి కొన్నాళ్ళు తీసుకెళ్ళమని కూడా అంది. పుట్టింటికి వెళ్దామా అన్నాడు. వద్దంది. మీ అక్క దగ్గరికి? వద్దు. మా అమ్మని రమ్మననా? దానికి తల కూడా ఊపలేదు. చివరికి ఫోన్లో ఒక సముద్రం ఒడ్డు రిసార్టు బొమ్మ చూపించాడు. తెల్లటి పరుపు, పెద్ద కిటికీ, కిటికీ నిండా నీళ్ళు. ఆమె ఆ బొమ్మని చాలాసేపు చూసి, “వెళ్దాం” అంది.

నెలల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి ‘ఊఁ’ అది. అక్కడి ధర చూశాక అతని కళ్ళు తిరిగాయి. అయిదు రాత్రులకి అతని రెండు నెలల జీతం.

దారి చూపించింది సీనియర్ అక్కే. వాళ్ళ పక్కింట్లో రిటైరైన టైపిస్టు ఒకావిడ ఉంది. భర్త ఉండగా ఆ రిసార్టు క్లబ్బులో సభ్యత్వం కొనుక్కున్నారట. సభ్యులకి ఏటా కొన్ని పాయింట్లు జమవుతాయి. వాటితో గది తీసుకోవచ్చు. సెలవుల్లో అయితే రాత్రికి ఎక్కువ పాయింట్లు పోతాయి, అన్‌సీజన్లో, వారం మధ్యలో అయితే సగం కూడా పోవు. వాడుకోకపోతే ఏడాది తిరిగేసరికి అవి గాల్లో కలుస్తాయి. మెయింటెనెన్సు బిల్లు మాత్రం వెళ్ళినా వెళ్ళకపోయినా వచ్చిపడుతుంది. భర్త పోయాక ఆవిడ వెళ్ళడం మానేసి, పాయింట్లు అద్దెకిచ్చి ఆ బిల్లు కట్టుకుంటోంది. అద్దెకి తీసుకున్నవాడికి అసలు ధరలో మూడో వంతుకి గది దొరుకుతుంది. చిన్న వంటగది కూడా ఉంటుంది, పాలు కాచుకోవచ్చు. ఎవరికీ నష్టం లేని లెక్క. అతను దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు, ఎక్కడా లొసుగు దొరకలేదు. టైపిస్టమ్మ అన్‌సీజన్లో, సోమవారం నుంచి అయిదు రాత్రులు, అతని పేరు తన అతిథిగా రాయించి గది తీసింది. మెయిలొచ్చింది. మెసేజొచ్చింది. గది నంబరు కూడా వచ్చింది.

బయల్దేరే రోజు పొద్దున బస్టాండులో, భార్యా బాబూ బెంచీ మీద కూర్చుని ఉండగా, అతను కొంచెం పక్కకి వెళ్ళి రిసార్టుకి ఫోన్ చేశాడు. ఒకసారి అడిగితే పోయేదేముందని. అవతలి అమ్మాయి బుకింగు ఉందంది. పేరు సరిగ్గా చదివింది. ఉయ్యాల తొట్టె కూడా పెట్టిస్తామంది. అక్కడితో పెట్టేసి ఉంటే సరిపోయేది. కానీ రెండోసారి, రెండోసారే కదా.

“అద్దె మొత్తం మెంబరుగారికి ముందే ఇచ్చేశామండీ. అక్కడికొచ్చాక మళ్ళీ ఏమైనా కట్టాలా?”

అవతలినుంచి “అద్దెనా సార్?” అని ఒక్క మాట. తర్వాత లైనులో సంగీతం. సంగీతం అయ్యాక మగగొంతు. సభ్యులు చుట్టాల్నీ స్నేహితుల్నీ పంపుకోవచ్చు గానీ పాయింట్లు డబ్బుకి ఇవ్వడం క్లబ్బు నిబంధనలకి విరుద్ధమని, ఆ బుకింగు ఆపేస్తున్నామని, కావాలంటే మామూలు ధరకి గది ఇస్తామని ఆ గొంతు ఎంతో మర్యాదగా చెప్పింది.

అతను బెంచీ వైపు చూశాడు. భార్య బాబు టోపీ సరిచేస్తోంది. బస్సొచ్చింది. ఇంటికి పోదాం పద అని చెప్పడానికి నోరు పెగల్లేదు. బ్యాగులెక్కించాడు.

ఆ బస్సులో అతను పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. కిటికీ పక్కన ఆమె గాలికి కళ్ళు సగం మూసుకుని కూర్చుంది. మధ్యలో ఒకసారి, సముద్రం బస్సులోంచే కనిపిస్తుందా అని తనంతట తానే అడిగింది. ఇంకో రోజయితే ఆ ప్రశ్నకి అతను పొంగిపోయేవాడు. ఇప్పుడు మాత్రం, కనిపిస్తుందనుకుంటా అన్నాడు. ఎవరిని అప్పు అడగాలి, చిట్టీ పాడితే ఎంతొస్తుంది, ఇప్పుడు వెనక్కి తీసుకెళ్తే ఆ గోడ పక్కన మళ్ళీ కూర్చునే మనిషిని ఎలా లేపాలి, ఆలోచన ఎటు తిరిగినా చివరికి ఆ మధ్యాహ్నం దగ్గరికే వచ్చి ఆగేది.

టీకి బస్సాపిన చోట టైపిస్టమ్మకి ఫోన్ చేశాడు. ఆవిడ అంతా విని, “నువ్వు చదువుకున్నవాడివేనా నాయనా?” అంది. ఆ తర్వాత నిలబెట్టి కడిగేసింది. క్లబ్బువాళ్ళు తన పాయింట్లు ఆపేస్తే ఆ బిల్లు ఎవడి తాత కడతాడంది. ఇన్నేళ్ళలో ఎంతమందో వెళ్ళొచ్చారు, నీలాంటి సత్యవంతుడు తగల్లేదంది. అతను అన్నీ పడ్డాడు. చివరికి, ఎవరికీ చెప్పనిది, భార్య సంగతి చెప్పాడు. అప్పుడావిడ, మెంబరు స్వయంగా వచ్చి అతిథులతోపాటు దిగితే ఆ గదిని కాదనే మొనగాడు లేడని, తను బయల్దేరుతున్నానని చెప్పి పెట్టేసింది.

ఆ మాటకి ఊపిరి పీల్చుకోబోయి మళ్ళీ బిగుసుకుపోయాడు. చుట్టాల్ని తప్పించుకోడానికి వస్తున్న మనిషి గదిలోకి ముక్కూ మొహం తెలియని ముసలావిడని ఎలా తేవడం?

రిసార్టు హాలు అద్దంలా మెరుస్తోంది. కౌంటరు కుర్రాడు మంచివాడే. మేనేజరుతో మాట్లాడి వచ్చి, మెంబరుగారు గుర్తింపు కార్డుతో వచ్చి తామూ ఇక్కడే దిగితే వాళ్ళ అతిథులు వాళ్ళిష్టం, అప్పటిదాకా తాళం ఇవ్వలేమన్నాడు. కూర్చోమని సోఫా చూపించాడు. కావాలంటే మామూలు ధర కాగితం ఇదుగోనన్నాడు.

ఆమె బాబునెత్తుకుని వెనకే నిలబడి ఉంది. అంతా వింది.

“ఏమైంది?” అంది.

చెప్పాడు. తల దించుకుని, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనం అతనికి తెలిసినదే. అయిపోయింది అనుకున్నాడు.

“ఫోన్ చేశావా?”

“ఒకసారి అడుగుదామని...”

“మెయిల్ వచ్చింది కదా.”

“వచ్చింది.”

“మెసేజు కూడా.”

“ఊఁ.”

“గది నంబరు కూడా వచ్చింది. అయినా ఫోన్ చేశావు. చేసి, అయ్యా మేం దొంగలం, దయచేసి పట్టుకోండి అని చెప్పుకున్నావు.” గొంతు పెరిగింది. “అడగని ప్రశ్నకి జవాబు చెప్పకూడదని మా ఆఫీసులో మొదటి రోజే నేర్పుతారు. దానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు. నాలుగు గంటలు బస్సులో పక్కనే కూర్చున్నావు, సముద్రం కనిపిస్తుందా అంటే కనిపిస్తుందనుకుంటా అన్నావు. మొహం చూసి కడుపునొప్పేమో అనుకున్నా!”

కౌంటరు కుర్రాడు కంప్యూటర్లో ఏదో వెతుకుతున్నట్టు తల దూర్చేశాడు.

“ఆవిడొస్తే ఎక్కడ పడుకుంటుంది?”

“గదిలో సోఫా కూడా ఉందట, అది...”

“గురక పెడుతుందా?”

“అడగలేదు.”

“ఓహో. అదొక్కటే అడగలేదన్నమాట.”

కౌంటరు వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అతనికి నవ్వు రాలేదు. ఆమెకీ రాలేదు. 

“నాకు రావాలనిపించింది” అంది, ఈసారి మెల్లగా. “ఎన్నాళ్ళకో ఒకటి కావాలనిపించింది. అసలు ఏదీ అక్కర్లేదు అనిపించేది నాకు, నీకు తెలుసా? ఇది మాత్రం కావాలనిపించింది.”

తెలుసు అనలేకపోయాడు. తప్పయిందన్నాడు. ఆమె బాబుని అతని చేతుల్లోకి దాదాపు తోసేసి, సోఫాలో కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాన్పయ్యాక ఆమె ఏడవడం అతను చూడలేదు. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాడు. పక్కన కూర్చుంటే జరిగి చోటిచ్చింది. ఏడ్చి ఏడ్చి, చెప్పులు విడిచి, కాళ్ళు పైకి ముడుచుకుని, చేతిసంచీ తలకింద పెట్టుకుని పడుకుంది. కాసేపటికి ఊపిరి నిదానించింది. పెట్టెల చప్పుడుకీ, పిల్లల అరుపులకీ కదల్లేదు.

ఎండ వాలాక టైపిస్టమ్మ వచ్చింది. పొట్టి మనిషి, చేతిలో సంచీ. కౌంటరు దగ్గర కార్డు పడేసి, ఇన్నేళ్ళు బిల్లులు కట్టించుకున్నప్పుడు ఈ మొహం గుర్తులేదా అని అడిగి, తాళం పుచ్చుకుని వచ్చింది. క్లబ్బువాళ్ళు తనకి సంజాయిషీ నోటీసు ఇస్తామన్నారని, ఇకమీదట పాయింట్ల బేరం లేనట్టేనని అతనికి చెప్పింది. ఆ బిల్లు ఇక ఎలా కడతారని అడగడానికి అతనికి మొహం చెల్లలేదు.

ఆవిడ సోఫా వైపు చూసింది. “ఈ అమ్మాయేనా?”

“అవునమ్మా. లేపుతాను, గదిలో సరిగ్గా పడుకుంటుంది.”

“ఎందుకూ లేపడం?”

చేతిలో బాబు పాలకోసం ముక్కుతున్నాడు. ఇంకాసేపటికి రాగం అందుకుంటాడు. ఒక్క క్షణం పట్టుకుంటారా, పాలపొడి కలుపుతానని అడిగాడు.

“నాకు పసిపిల్లల్ని ఎత్తుకోవడం చాతకాదు నాయనా, పడేస్తాను. పొడి ఎక్కడుందో చెప్పు, నేనే కలుపుకొస్తా.”

నీలం బ్యాగన్నాడు. ఆవిడ వెతికి తీసి, కుర్రాణ్ణి వేడినీళ్ళడుగుతూ వెళ్ళింది. అతను బాబుని భుజానేసుకుని, హాలుకి ఆ చివరగా, ఏడ్చినా ఆమెకి వినపడనంత దూరంలో, మనిషి మాత్రం కనపడేలా నిలబడ్డాడు. రేపు ఆమె మళ్ళీ మౌనంలోకి వెళ్ళిపోతుందేమో తెలీదు. లేచాక కొత్త మనిషిని చూసి వెనక్కి పోదాం పద అంటుందేమో, అదీ తెలీదు. అంత కష్టపడి సంపాదించిన గది పైన ఖాళీగా ఉంది. ఆమె ఇక్కడ, దారిలో, అందరి మధ్యా నిద్రపోతోంది.