ఈక తగిలిన చోటు

పొద్దు పొడవకముందే బస్వమ్మ పొయ్యి ముందు కూర్చునేది. వెలుతురు ముదిరితే ఆమెకు లోకమంతా పలచటి మజ్జిగలో మునిగినట్టుండేది. మనుషులు అందులో తేలే నీడలు. జుట్టు, కనుబొమలు, రెప్పలు, ఒళ్లు పుట్టుకతోనే తెలుపు. జహీరాబాద్ ధాన్యం గంజ్‌లో బస్తాలు మోసే హమాలీలు మధ్యాహ్నం ఆమె రేకుల షెడ్డుకు వచ్చి జొన్నరొట్టెలు తినేవారు. ముఖాలు ఆనేవి కావు కనుక ఆమె వాళ్లను గొంతును బట్టి, దగ్గును బట్టి పోల్చుకునేది.

1962 ఎండాకాలంలో ఊళ్లో కుష్టు సర్వే మొదలైంది. ఓ రోజు గుండయ్య అనే హమాలీ రొట్టె ముట్టకుండా లేచాడు.

"ఈ తెల్ల దొరసాని ఒళ్లు చూసిన్రా? గదే రోగమంటున్నరు. ఈమె చేతి రొట్టె తింటే మనకూ అంటుకుంటది."

"పదేండ్లసంది తింటున్నవ్, ఇంకా బొగ్గులెక్కనే ఉన్నవ్ గదరా," అన్నాడు పక్కనున్న నర్సప్ప.

అందరూ నవ్వారు. కానీ మర్నాడు సగం మందే వచ్చారు. షెడ్డు మూతపడితే బస్వమ్మకు వేరే బతుకు లేదు. పొలం పనికి పోతే గంటలో ఒళ్లు కాలి పొక్కులు లేచేవి.

సర్వే చేసే ఇస్సాకును నర్సప్పే పిలుచుకొచ్చాడు. హమాలీలందరి ఎదుట ఇస్సాకు ఆమెను కళ్లు మూసుకోమన్నాడు.

"అక్కా, ఈక తగిలిన కాడ వేలు పెట్టు. కుష్టు మచ్చయితే తాకింది తెల్వదు."

కోడి ఈక మోచేతి మీద వాలింది. తర్వాత మెడ మీద, చెవి వెనక. ఒంటి మీద ఎవరో మెల్లగా నడుస్తూ, తాను ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెబుతున్నట్టుంది బస్వమ్మకు. ప్రతిసారీ వేలు సరైన చోటే పడింది.

"ఇది కుష్టు గాదు, బొల్లి గాదు," అన్నాడు ఇస్సాకు. "తోలుల రంగు తయారుచేసే కణాలుంటయి. ఈమెకూ ఉన్నయి గని, ఆ పని పుట్టుకతోనే సాగుతలేదు. కంటికీ ఆ రంగే కావాలె, అందుకే చూపు మందం. ఈ లోపం తల్లి దిక్కు నుంచి, తండ్రి దిక్కు నుంచి రెండూ వస్తెనే గిట్ల పుడుతరు. మీ అమ్మానాయినలది మేనరికమా?"

"మా అమ్మను సొంత మేనమామకే ఇచ్చిన్రు."

"గదే. ఇద్దరి ఒంట్ల దాగున్నది నీ దగ్గర బయటపడ్డది. ఎవరికీ అంటుకోదు."

"కడుపుతోని ఉండి గ్రహణం చూసిందని మా అవ్వ సచ్చేదాక మా అమ్మను తిట్టింది," అంది బస్వమ్మ.

నర్సప్ప హుషారుగా అంగీ విప్పి కళ్లు మూసుకున్నాడు. "నాకూ పెట్టు సారు, చక్కిలిగింత ఎట్లుంటదో చూస్త."

అతని భుజం వెనక పాలిపోయిన మచ్చ ఒకటుంది. ఈక దాని మీద అటూ ఇటూ తిరిగింది. నర్సప్ప నవ్వుతూనే ఉన్నాడు.

"ఇగ పెట్టు సారు."

ఆ మసకలో నీడలు వెనక్కి జరగడం బస్వమ్మకు కనిపించింది.

రోగం మొదట్లోనే ఉందనీ, గోలీలతో నయమవుతుందనీ, పక్కన కూర్చుని తిన్నంత మాత్రాన అంటుకోదనీ ఇస్సాకు చెప్పాడు. అయినా మర్నాడు నర్సప్ప షెడ్డు గడప దాటి లోపలికి రాలేదు.

"ఆకుల పెట్టియ్యి అక్కా, బయట తింట."

"ఎండల నువ్వు నాకు కానరావు తమ్మీ. లోపల కూసో."

రోజూ పెట్టే చోటే పళ్లెం పెట్టింది.

ఆ మధ్యాహ్నం షెడ్డులో తిన్నది నర్సప్పతో కలిపి ముగ్గురే.