టీ డికాక్షన్‌లో ముంచిన కట్లు

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఏలూరు బస్టాండు దగ్గర సీడీలు అద్దెకిచ్చే కొట్టులో ఈజిప్టు మమ్మీల సినిమాలు ఒక అరనిండా ఉండేవి. అన్నీ తెలుగులోకి డబ్ చేసిన చవకబారు సరుకే. వేల ఏళ్ళనాటి రాజుగారి శవం పెట్టెలోంచి లేస్తుంటే కట్ల సందులోంచి చేతిగడియారం కనిపించేది. ఆదివారం ఆరాధన అయ్యాక దెందులూరు పక్కన మా ఇంట్లో అవి చూసేవాళ్ళం. కొల్లేటి చేపల చెరువుల మీద పనిచేసే నాన్న దగ్గుతూనే నవ్వేవాడు.

"టైము చూసుకుని లేచాడమ్మా వీడు. నేనే నయం" అనేవాడు.

ఎందుకంటే మా చర్చిలో ఈస్టరు నాటకం ఆడితే, చచ్చిన నాలుగు రోజులకి ప్రభువు పిలిస్తే సమాధిలోంచి లేచి వచ్చేవాడి వేషం ఎప్పుడూ ఆయనదే.

ఆ ఏడు నాన్న ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయి. చెరువు పని మానేశాడు. వేషం ఇంకొకరికిద్దామన్నారు మా పాస్టరుగారు.

"ఈ ఒక్క ఏడూ లేవనివ్వండి అయ్యగారూ. అక్కడ లేస్తే ఈ జబ్బులోంచి కూడా లేస్తాననిపిస్తోందండీ" అన్నాడు నాన్న.

ఏటా అమ్మ తెల్లపంచె ఒకటి వదులుగా చుట్టి పంపేది. ఈసారి పెత్తనం నేను తీసుకున్నాను. పాత పంచెలు చీల్చి, మాసిపోయినట్టు కనపడాలని టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి, సినిమాలోలాగా కాళ్ళ నుంచి తలదాకా బిగించి కట్టాను. ముక్కూ నోరూ కూడా వదల్లేదు.

"కొంచెం వదులు చెయ్యమ్మా" అన్నాడు లోపల్నుంచి.

"ఊడిపోతాయి నాన్నా, కాసేపు ఓర్చుకో" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ప్రభువు వేషంలో ఉన్న అయ్యగారు పిలిచారు. యూరియా సంచులతో కట్టిన సమాధిలోంచి నాన్న చేతులు చాచి ఊగుతూ వచ్చాడు. "సీడీలో దెయ్యం!" అని పిల్లలు కేకలు పెట్టారు. చర్చంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నాన్న రెండడుగులు వేసి కూలబడితే అదీ నటనే అనుకున్నాం. ఊపిరాడట్లేదని అమ్మకే ముందు తెలిసింది. పరిగెత్తుకెళ్ళి పళ్ళతో ముడి కొరికి విప్పింది.

నాన్న నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఈసారి సరిగా లేవలేకపోయానమ్మా" అన్నాడు ఇంటికొచ్చాక, తప్పంతా తనదే అయినట్టు. ఆ తర్వాత సీడీ పెడతానంటే వద్దన్నాడు.

వానలు పడకముందే పోయాడు. చనిపోయినవాళ్ళ నోరు తెరుచుకోకుండా గడ్డం కిందనుంచి తలమీదికి గుడ్డ కడతారు. అమ్మ ఒక తెల్లటి పేలిక నా చేతిలో పెట్టింది.

"నువ్వు కట్టు. నీకు వచ్చుగా" అంది.

ఎత్తిపొడుపో కాదో ఇప్పటికీ అడగలేదు. కట్టాను.

"కాస్త బిగించమ్మా, జారిపోతోంది" అన్నారు పక్కింటి పెద్దాయన.

నా వల్ల కాలేదు. పెట్టె మూత వేసేటప్పటికి నాన్న నోరు కొంచెం తెరుచుకునే ఉంది.